చదివి వినిపించని వాంగ్మూలం

తెనాలి, రేపల్లె, బాపట్ల తిరుగుతూ కోర్టు వార్తలు రాయడంలోనే నా జుట్టు నెరిసింది. ఇది ఆ చుట్టుపక్కల ఒక చిన్న కోర్టులో జరిగింది. ఏ ఊరో చెప్పను.

మొదటి పోస్టింగు మీద అక్కడికి వచ్చిన జడ్జి ముప్పయ్యేళ్లు నిండని అమ్మాయి. తెలివైనదే, కానీ తొందర మనిషి. సాక్షి తెలుగులో చెబుతుంటే మాట పూర్తి కాకముందే ఇంగ్లిషులో టైపిస్టుకు చెప్పేసేది. అడిగిన ప్రశ్న కాగితం మీదికి రాదు, జవాబు ఒక్కటే వస్తుంది. అడుగున ‘చదివి వినిపించగా సరియైనదని ఒప్పుకొన్నారు’ అన్న మాట ముందే ఉంటుంది. దాని కింద సాక్షి సంతకం, జడ్జి సంతకం. ఆ గదిలో ఎవరైనా ఎవరికైనా చదివి వినిపించగా నేను చూడలేదు.

ఒకరోజు అడవులదీవి నుంచి వచ్చిన ఒకావిడ బోనెక్కింది. భర్త పోయి ఏడాదైంది. వాళ్లింటి పక్కన రొయ్యల చెరువులున్న ఆసామి, ఆ ఇంటిస్థలం మొగుడూ పెళ్లాలు తనకు అమ్మేశారని దావా వేశాడు. అతని వకీలు అమ్మకం కాగితం చూపించి అడిగాడు.

“ఈ సంతకం నీదేనా?”

“నాదేనండి. మా ఆయన్ని ఆస్పత్రిలో చేర్చిన రోజున, ఆస్పత్రి కాయితాలని చెప్పి పెట్టించారండి.”

“అడిగినదానికి చెప్పమ్మా. నీదేగా?”

“నాదేనండి.”

‘సంతకం నాదే’ అన్నంతవరకే టైపయింది. వెనక బెంచీలో కూర్చుని నేను అంతా విన్నాను. ఆ రోజు నాకు రాయవలసిన పెద్ద కేసు వేరే ఉంది.

తీర్పు ఆసామికి అనుకూలంగా వచ్చింది. ఆవిడ అప్పీలు వేసింది. అది తేలేదాకా ఇల్లు ఖాళీ చేయించవద్దని పై కోర్టు చెప్పింది.

తర్వాత కొన్నాళ్లకు ఆ జడ్జికి స్కాలర్‌షిప్ వచ్చింది. కొత్త జడ్జీలకు సాక్ష్యం నమోదు చేయడంలో, తీర్పు రాయడంలో వేరే రాష్ట్రంలో ఇచ్చే శిక్షణ అది. నాలుగు నెలలు వెళ్లింది. తిరిగి వచ్చిన మొదటి రోజే మార్పు కనిపించింది. వేమూరు రైతు ఒకాయన సాక్ష్యం ముగించి కలం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఆగమని, మొత్తం తెలుగులో చదివి వినిపించింది.

“మూడో ముక్క నేను అన్లేదండి,” అన్నాడాయన.

ఆమె ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెప్పినట్టు రాయించింది. బెంచి గుమాస్తా గడియారం చూసుకున్నాడు. రొయ్యల చెరువుల ఆసామి తరఫున వాదించిన వకీలు నా పక్కకు వంగి, “అమ్మగారు స్కాలర్‌షిప్పు మీద చదువుకొచ్చారు. ఇంక మనకి కథాకాలక్షేపమే,” అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ వకీలు మాత్రం నవ్వలేదు.

ఆ శిక్షణ గురించి ఆదివారం పేజీకి నాలుగు మాటలు రాద్దామని సాయంత్రం ఆమె గదికి వెళ్లాను.

“అక్కడికి మేం నమోదు చేసిన వాంగ్మూలం ఒకటి తెచ్చుకోమన్నారు సార్,” అంది. “ప్రతి జవాబు పక్కనా మీరు విన్న ప్రశ్న రాయండి, వదిలేసింది కూడా రాయండి అన్నారు. నేను పట్టుకెళ్లింది అడవులదీవి ఆవిడది. రాస్తుంటే ఆస్పత్రి మాట గుర్తొచ్చింది.”

నేను నోరు తెరవబోయాను. ఆమె చెయ్యెత్తింది.

“మీరు ఆ రోజు వెనక ఉన్నారు. కేసు అప్పీల్లో ఉంది. నేను మిమ్మల్ని అడగకూడదు. మీరు నాకు చెప్పకూడదు.”

“మరేం చేస్తారు మేడమ్?”

“చదివి వినిపించకుండానే సంతకం పెట్టానని పై కోర్టుకు రాశాను.”

“ఏమన్నారు?”

“ఇంకా ఏమీ అనలేదు.”

ఆ ఆదివారం నేనేమీ రాయలేదు. రెండు వారాల్లో సంగతి వరండాలోకి పాకింది. ఆమెను సంజాయిషీ అడిగారన్నారు. ఆమె పని మాత్రం ఆపలేదు. రోజంతా నిదానంగా చదువుతున్న ఆ గొంతు కిటికీలోంచి బయటికి వినిపించేది. వకీళ్లు టీ తాగుతూ ఆగి వినేవారు. ఆసామి వకీలు ఒకరోజు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

“ఒక్క కాయితం అబద్ధమని ఒప్పుకున్నాక మిగతావి ఎవరు నమ్మాలి విలేకరిగారూ? ఇలాంటి కాయితాల మీద ఎన్ని ఇళ్లు, ఎన్ని పొలాలు తేలాయి లోపల? జడ్జిగారు చిన్నపిల్ల. ఇది ఎవరి మీదికి వస్తుందో ఆమెకి తెలీదు.”

ఆ మాటలో బెదిరింపు ఉందో, భయం ఉందో నాకు అంతుపట్టలేదు.

జడ్జి రాసిన ఆ ఉత్తరం అప్పీలు ఫైల్లో చేరిందో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. అడవులదీవి ఆవిడ తరఫు కుర్ర వకీలు నా దగ్గరకు వచ్చి, విన్నది అఫిడవిట్‌గా ఇస్తారా అని అడిగాడు. ఇస్తానన్నాను.

“నోటుపుస్తకంలో రాసుకున్నారా అండి?”

ఇంటికి వెళ్లి ఆ రోజు పేజీ తీశాను. పెద్ద కేసు నాలుగు పేజీలుంది. ఆవిడ గురించి ఒక్క అక్షరం లేదు. అయినా అఫిడవిట్ ఇచ్చాను. అవతలి వకీలు అడిగిన మొదటి ప్రశ్న కూడా ఆ నోటుపుస్తకం గురించే. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారన్నది రెండోది.

వాదనలు ముగిసి తీర్పు వాయిదా పడ్డాక, రేపల్లె బస్టాండులో ఆవిడ కనిపించింది. సముద్రం వైపు ఆకాశం నల్లబడి ఉంది. గాలి బొత్తిగా లేదు.

“అన్నయ్యగారూ, వానలు పడేలోపు ఇంటికి తాటాకు మార్చాలి. మనుషులు రేపొస్తామంటున్నారు. రమ్మనమంటారా, ఆగమనమంటారా?”

“రమ్మనమ్మా.”

ఆవిడ నా మొహంలోకి చూసింది.

“ఏంటి, తీర్పు సంగతి మీకేమన్నా తెలిసి చెప్తున్నారా?”

“లేదమ్మా.”

బస్సు వచ్చింది. ఆవిడ ఫోన్ తీసి, రేపు రావద్దని వాళ్లకు చెప్పి ఎక్కింది.