మా గల్లీ ఫోన్లలో నా పేరు

డ్రిల్లింగు మిషను ఆగిపోయినా ఇల్లంతా సున్నపు పొడి వాసన పోలేదు. సూర్యాపేటలో ఈమధ్యే కిరాయికి దిగిన ఇంట్లో నెట్ పెట్టడానికి వచ్చినతను స్టూలు దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, "మేడం, వైఫైకి కంపెనీ పేరే ఉంచాల్నా, మీకు నచ్చిన పేరు పెట్టాల్నా?" అని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ అడిగేదే అయ్యుంటుంది. నాకు మాత్రం గుండె గతుక్కుమంది. "ఎట్ల మార్చాల్నో చూపించి పోండి, నేనే పెట్టుకుంట" అన్నాను చివరికి. అతను నా ఫోన్లో ఒక పేజీ తెరిచి, ఎక్కడ నొక్కాలో చూపించి, నావైపు అదోలా చూసి వెళ్ళిపోయాడు. పేరు పెట్టడం ఎంతోసేపు పట్టలేదు. అలాంటి పేజీని నేను అంతకు ముందు ఒకే ఒక్కసారి చూశాను, కోదాడలో, సిస్టరమ్మ ఇంట్లో.

సిస్టరమ్మ అసలు పేరు ఎస్తేరు. అనంతగిరి వైపు ఊళ్ళలో నర్సుగా పనిచేసి రిటైరయి, కోదాడలో మా పక్కింట్లో ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, ప్రసాద్. ఆమె మనిషి పొట్టి, గొంతు మాత్రం గల్లీ ఆ చివరికి వినబడేది. ఎవరింట్లో జ్వరమొచ్చినా పిలవకముందే వెళ్ళేది. వెళ్ళి ముందు నాలుగు తిట్లు తిట్టేది, తరవాత నాడి చూసేది. నేను ఇంటర్ పాసయినప్పుడు మా నాయనను కూర్చోబెట్టి మిర్యాలగూడలో నర్సింగు కాలేజీ మాట ఎత్తింది కూడా ఆమే. నాయన ఎరువుల దుకాణంలో గుమాస్తా. నెమ్మదస్తుడు, నలుగురు ఏమనుకుంటారోనని పరేషాన్ అయ్యే రకం. "ఆడపిల్ల రోజూ మిర్యాలగూడ దాకా బస్సుల పోయి రావాల్నా సిస్టరమ్మా?" అన్నాడు. "పోతే ఏమైతది లింగయ్యా? నేను కొలువంతా బస్సులల్లనే తిరిగిన. నన్నెవడన్న ఎత్కపోయిండా?" అందామె. నాయన నవ్వేశాడు. ఆ నవ్వుతోనే నా చదువు మొదలైంది.

ప్రసాద్ పోలీసు పరీక్షకు చదువుతానంటే ఆమె ఇంట్లో నెట్ పెట్టించింది. మా గల్లీకంతా అదే మొదటిది. అడిగిన ప్రతివాళ్ళకూ పాస్‌వర్డ్ చెప్పేది. సాయంత్రమయితే ఆమె ఇంటి మెట్ల మీద ఆడా మగా ఫోన్లు పట్టుకుని కూర్చునేవాళ్ళు. "అందరికిస్తే నాకు స్లో అయితది అమ్మా" అని ప్రసాద్ సణిగేవాడు. "నీ పుస్తకం చదవనీకి నెట్టెందుకురా? పేజీ తిప్పు, అదే ఫాస్టయితది" అనేది. గోడ పక్కనే కాబట్టి మా ఇంట్లోకి కూడా సిగ్నల్ వచ్చేది. నా పాఠాల వీడియోలన్నీ ఆ పుణ్యాన చూసినవే.

నాకు రెండో సంవత్సరం పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, ఒక ఆదివారం పొద్దున, ఎదురింటి మంగమ్మ చిన్నమ్మ ఫోన్ చాచి పట్టుకుని మా గడపలోకి వచ్చింది. "లక్ష్మీ, జర ఇట్రా. నా ఫోన్ల నీ బిడ్డ పేరొస్తున్నది" అంది మా అమ్మతో. చుట్టుపక్కల ఉన్న నెట్‌ల పేర్లు ఫోన్లో ఒకదాని కింద ఒకటి కనబడతాయి కదా, ఆ పేర్లలో, ఇంగ్లీషు అక్షరాల్లో, 'రేణుక లవ్స్ కండక్టర్' అని ఉంది. రేణుక అంటే నేనే. గల్లీలో ఇంకో రేణుక లేదు. నాకు తెలిసిన కండక్టరు మా మిర్యాలగూడ బస్సులో ఒకాయన ఉండేవాడు, మా నాయన కంటే పెద్దవాడు, చిల్లర లేదని రోజూ అందరినీ కసిరేవాడు. నవ్వు రావలసిన మాటే. కానీ నేను మంగమ్మ చిన్నమ్మ చేతిలోంచి ఫోన్ లాక్కుని మళ్ళీ చదివాను. బయట మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వడం వినబడింది. గల్లీలో ఉన్న ప్రతి ఫోన్లోనూ నేనున్నానని అప్పుడు అర్థమైంది.

నాయన నమ్మలేదు. తన ఫోన్ తీసి చూశాడు, అందులోనూ ఉంది. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు, ఉంది. ఎవరో తన ఫోన్ లోపల రాసిపెట్టారనుకుని, చొక్కా వేసుకుని మెయిన్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే షాపుకు వెళ్ళాడు. అక్కడ చూస్తే ఏమీ లేదట. అటూ ఇటూ ఉన్న దుకాణాల పేర్లే వచ్చాయట. "మంచిగనే ఉంది గదా పెద్దాయనా" అన్నాడట షాపతను. నాయనకు ప్రాణం లేచొచ్చింది. పీడ పోయిందనుకుని, వస్తూ వస్తూ మిరపకాయ బజ్జీలు కూడా కట్టించుకున్నాడు. మా గల్లీ మూల తిరిగాక, ఎందుకైనా మంచిదని, ఫోన్ ఇంకోసారి తీశాడు. మళ్ళీ వచ్చింది. ఇంట్లోకి వచ్చినప్పటి ఆయన ముఖం నేను ఈ జన్మలో మరిచిపోలేను. పొట్లం అమ్మ చేతికిచ్చి, "ఊర్ల యాడ లేదు. మన గల్లీలనే ఉంది" అన్నాడు. నావైపు చూడకుండా, "రేపటి సంది కాలేజీ బంద్" అన్నాడు. తిట్టినా బాగుండేది, ఎదురు మాట్లాడేదాన్ని. ఆయన తిట్టలేదు. బజ్జీలు ఎవరూ ముట్టలేదు.

నేను సిస్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "నేనేం చెయ్యలే సిస్టరమ్మా" అన్నాను వెళ్ళీవెళ్ళగానే. "చేసినవని ఎవరన్నరు? మొదలు ముక్కు తుడ్చుకో" అని కళ్ళజోడు పెట్టుకుని తన ఫోన్ చూసింది. ముఖం ఎర్రబడింది. "ఎవని ఇంట్ల నుంచి వస్తున్నదో పట్టుకుందాం నడువు. మా ఇంట్ల నిన్న సాయంత్రం నుంచి నెట్టే లేదు. కంపెనీలనే ఖరాబైందంటుండు ప్రసాద్" అంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఆ పేరు పక్కన గీతలు నిండుతాయని నాకు తెలిసినంత చెప్పాను. చెప్పులు వేసుకుని, ఫోన్ ముందుకు పట్టుకుని, ఆ ఎండలో గల్లీ పొడుగునా నడిచింది. జనం తలుపుల్లోంచి చూస్తూనే ఉన్నారు. నీళ్ళ ట్యాంకు దగ్గర గీతలు ఒకటికి దిగిపోయాయి. మంగమ్మ చిన్నమ్మ వాకిట్లో రెండయ్యాయి. మా ఇంటి ముందు ఇంకొకటి పెరిగింది. సిస్టరమ్మ సొంత మెట్లు ఎక్కుతుంటే పూర్తిగా నిండిపోయాయి.

ముందుగదిలో, అలమర మీద మినుకుమినుకుమంటున్న వైఫై డబ్బా కింద నిలబడి, ఆమె డబ్బాను చూసింది, ఫోన్ చూసింది, నన్ను చూసింది. ఈ ఊళ్ళో ఏ ఇంటినైనా అనుమానించేదాన్ని గానీ ఈ ఇంటిని కాదు. ఆమె మంచం మీద కూలబడింది. గ్లాసుతో నీళ్ళిస్తే పట్టుకుంది, తాగలేదు. అప్పుడే ప్రసాద్ స్నానం చేసి, మెడలో తుండుతో లోపలినుంచి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

"ఇది నువ్వు పెట్టినవారా?" అంది.

"ఊకెనే అమ్మా, నవ్వులాటకు. దోస్తులు పెట్టుమన్నరు. ఇయ్యాల తీసేద్దామనుకున్న."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "అంగీ ఏసుకో. లింగయ్య ఇంటికి పోదాం" అంది. "ఎందుకమ్మా, ఇప్పుడే మారుస్త. ఎవరికీ తెలవదు" అని బతిమాలాడు. "పొద్దుట్నుంచి ఈ పిల్ల పేరు గల్లీ అంతకు తెలిసింది. నీ పేరు తెలిస్తే ఏమైతది?" అని కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మా వాకిట్లో, అందరి ముందూ, "లింగయ్యా, నీ బిడ్డది ఏం తప్పులేదు. నా కొడుకు చేసిండు. నా ఇంట్ల నుంచే వచ్చింది" అంది. గల్లీ అంతా నిర్ఘాంతపోయింది. పిల్లలు ఏం చేసినా ముందు పక్కింటి పిల్లల మీదికి తోసే గల్లీ మాది. కన్నతల్లి ఇలా నడిబజారులో చెప్పడం ఎవరూ చూసి ఎరగరు. "పోనీ వదినా, పిలగాడు తెల్వక చేసిండు" అని మంగమ్మ చిన్నమ్మ సర్దబోయింది. "ఇరవై మూడేండ్లొచ్చినయ్ మంగమ్మా. రేపు పోలీసయితనంటుండు" అంది సిస్టరమ్మ. ప్రసాద్ చూపు నేల మీదే ఉంది. నాయన మాత్రం మెత్తబడలేదు. "తీసేయించు సిస్టరమ్మా, మంచిదే. కాలేజీ మాత్రం ఇగ వద్దు. పోయిన పేరు పోయింది" అన్నాడు.

ఆమె వాదించలేదు. నాయననూ నన్నూ తన ఇంటికి తీసుకెళ్ళింది. ప్రసాద్ ఫోన్లో ఆ పేజీ తెరిచి, మార్చబోయాడు. "నువ్వు ముట్టకు. ఆ పిల్ల చేస్తది" అని ఫోన్ లాక్కుని నా చేతిలో పెట్టింది. పేరు రాసిన గడి మీద వేలు పెట్టి, చెరిపే మీట నొక్కాను. చివరినుంచి ఒక్కో అక్షరం పోవడం మొదలైంది. కండక్టర్ పోయాడు. లవ్స్ పోయింది. ఊపిరి తీసుకుని ఇంకా నొక్కబోతుంటే సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగు. ఇగ చాలు."

"నా పేరు ఇంక ఉంది సిస్టరమ్మా."

"ఉంటే ఏంది? ఎనక తగిలించింది పోయింది. నీ పేరేం చేసిందని తుడుస్తవ్?"

పొద్దున తగిలిన దెబ్బ కంటే ఇది పెద్దదిగా అనిపించింది. ఈమెకు మతిపోయిందా అనుకున్నాను. "వద్దు, అందరు చూస్తరు" అని ఏడ్చేశాను. "సూడనీ. పొద్దున దొంగసూపులు సూసిన్రు. ఇప్పుడు సక్కగ సూస్తరు" అంది. నాయన కుర్చీలోంచి లేచాడు. "ఇదేం పని సిస్టరమ్మా? ఉన్నది చాలదా?" అన్నాడు. ఆమె ఆయనవైపు తిరిగి, "ఈ పిల్లకు రేణుకని పేరు పెట్టింది ఎవరు?" అని అడిగింది. "నేనే" అన్నాడు నాయన. "మరి నువ్వు చెప్పు, తుడవమని. తుడుస్తది" అంది. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. నేను కళ్ళు మూసుకుని సేవ్ అన్నచోట నొక్కాను. పాస్‌వర్డ్ కూడా ఆమె నాచేతే మార్పించింది.

పేరు, పాస్‌వర్డ్ మారితే పాత ఫోన్లన్నీ తెగిపోతాయి. అందరూ మళ్ళీ ఆమె గుమ్మానికి రావలసిందే. వచ్చినవాళ్ళందరికీ, "రేణుకని ఉంటది, దాన్ని ఒత్తు" అని గల్లీ దద్దరిల్లేలా చెప్పేది. మొదట సీరియల్ కోసం మంగమ్మ చిన్నమ్మే వచ్చింది. మెట్ల మీద నవ్వినవాళ్ళు కూడా వచ్చారు, ముఖాలు వేలాడేసుకుని. నా పేరు నొక్కనిదే ఎవరికీ నెట్ లేదు. నేను మాత్రం ఇంట్లోనే ఉన్నాను. సోమవారం బస్సు నేను లేకుండానే పోయింది, మంగళవారం కూడా. నాయన దుకాణానికి వెళ్ళి వస్తున్నాడు, అన్నం తింటున్నాడు, నాతో మాట్లాడడం లేదు. పరీక్ష ఫీజు గడువు దాటిపోతుందని అమ్మ నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

ఒక సాయంత్రం నేను గడపలో బియ్యం ఏరుతుంటే, నాయన దుకాణం నుంచి వస్తూ ఇంట్లోకి రాకుండా సిస్టరమ్మ మెట్ల దగ్గర ఆగాడు. జేబులోంచి ఫోన్ తీసి, "కొత్త పాస్‌వర్డ్ ఏంది సిస్టరమ్మా?" అన్నాడు. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే, "మొదలు పేరు ఒత్తు" అంది. నాయన ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని అలాగే నిలబడ్డాడు. తరవాత వేలితో మెల్లిగా, నొక్కితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు, ఒత్తాడు. ఇంట్లోకి వచ్చి చొక్కా కొక్కేనికి తగిలించి, "పొద్దుగాల బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి అమ్మే చెప్పింది.

ప్రసాద్ ఆ వారమే తిరుమలగిరిలో మేనమామ ఇంటికి వెళ్ళిపోయాడు. తల్లితో చాలాకాలం మాట్లాడలేదు. క్రిస్మస్ పండుగకు ఆమె కేకు చేసి, కొడుకు కోసం ఎదురుచూసి, చివరికి మాకు పంచిపెట్టేది. "నా వల్లనే కదా" అని ఒకసారి అన్నాను. "నీ వల్ల ఎందుకైతది? వాడు చేసినదానికి వాడు పోయిండు" అంది గానీ ఆ కళ్ళలో నీళ్ళు నేను చూశాను. అతన్ని క్షమించమని మాత్రం ఆమె ఎన్నడూ అడగలేదు. నేనూ క్షమించలేదు, ఇప్పటికీ. ఆమె పోయినప్పుడు వచ్చాడు. శవపేటికకు అటు అతను, ఇటు నేను నిలబడ్డాం. పలకరించుకోలేదు. ఆ రోజు నేను ఏడ్చినంతగా సొంతవాళ్ళు పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు నేను సూర్యాపేటలో దవాఖానలో నర్సును. ఈ ఇంటి వైఫైకి కూడా రేణుక అనే పెట్టుకున్నాను. ఇంజెక్షన్ ఇవ్వడం, సెలైన్ పెట్టడం కాలేజీలో నేర్చుకున్నాను. సిస్టరమ్మ దగ్గర నేర్చుకున్నది వేరే ఉంది. అప్పుడప్పుడు ఆడపిల్లలను తీసుకొచ్చినవాళ్ళు, నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని గొంతు తగ్గించి, "మేడం, పేరు వేరేది ఏదన్న రాసుకోండ్రి" అంటారు. ఎన్నిసార్లు విన్నా ఆ మాటకు ఉలిక్కిపడతాను. మొన్న ఒకాయన కూతుర్ని తెచ్చి అదే అన్నాడు. మా నాయనలాగే నెమ్మదస్తుడు. ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, మంచం మీదికి వంగి, "నీ పేరేంది బిడ్డా?" అని అడిగాను. పిల్ల తండ్రివైపు చూసి, పెదవులు కదిలీ కదలకుండా చెప్పింది.

"మళ్ళా చెప్పు, వినబడలే" అన్నాను.

నిజానికి వినబడింది. రెండోసారి ఆ పిల్ల కొంచెం గట్టిగా చెప్పింది.