పేజీ తెలుగైంది, బటన్ కాలేదు

ఇప్పటిదాకా నా మాట ఎవరూ పట్టించుకోలేదు. వినలేదని అనను. విన్నారు, తలూపారు, చాయ్ తాగించి పంపించారు. సమావేశంలో నేను లేవగానే కుర్చీలు జరుపుతూ చప్పుడు చేసినవాళ్లెవరో నాకు గుర్తుంది. ఫోన్ చూసుకుంటూ నవ్విందెవరో కూడా గుర్తుంది.

కరీంనగర్‌లో నాది ఫ్లెక్సీలు వేసే దుకాణం. గల్ఫ్‌కు పోయి చిక్కుకున్నవాళ్ల కుటుంబాలకు సాయం చేసే సంఘం ఒకటి మా ఊళ్లో ఉంది. ఆదిలాబాద్‌లో దాని శాఖ ఉంది. నేనూ కొన్నేళ్లు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాణ్ణే కాబట్టి అందులో చేరాను. సంఘం వెబ్‌సైట్ పెట్టాలనుకున్నప్పుడు అది ఇంగ్లీషు, తెలుగు, మరాఠీల్లో ఉండాలన్నారు. మరాఠీ ఆదిలాబాద్ శాఖలోని ఒక అక్క రాసింది. తెలుగు నేను రాశాను. పాస్‌పోర్ట్ గుంజుకుంటే ఏం చేయాలి, జీతం ఆపితే ఎక్కడికి పోవాలి, ఇవన్నీ మా అవ్వకు చదివి వినిపించి, ఆమెకు అర్థమైన మాటలే ఉంచాను.

సైట్ తెరిచిన రోజు చూస్తే పేజీ అంతా తెలుగే. కింద మూలన ఉన్న గుండ్రటి ఎర్ర బటన్ మీద మాత్రం ఇంగ్లీషు. 'సాయం అడగండి' అని ఉండాల్సిన చోటు అది. దాన్ని నొక్కితే వచ్చే దరఖాస్తు గళ్లు కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. హైదరాబాద్‌లో ఉండి సైట్ చేసినాయనకు ఫోన్ చేశాను.

"అంకుల్, అది థీమ్‌ల రాసిన మాట. ట్రాన్స్‌లేషన్ లిస్ట్‌లకు రాదు."

"ఎందుకు రాదు?"

"మీ సంఘం కోసం కస్టమ్‌గ చేసినం కదా. అది గట్లనే ఉంటది."

అట్లనే ఎందుకుంటుందో నాకు అర్థం కాకపోలేదు. మా దుకాణానికి పాత ఫ్లెక్సీ ఫొటో తెచ్చి, పేరు మార్చి కొత్తది వేసిమ్మంటారు. ఫొటోలో అక్షరాలు బొమ్మతో కలిసిపోయి ఉంటాయి, వాటిని కదపలేం. అదే ఓపెన్ ఫైల్ తెస్తే అక్షరాలు విడిగా ఉంటాయి, ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టొచ్చు. థీమ్ అంటే సైట్‌కు రూపమిచ్చే కోడ్. బటన్ మీది మాటను ఆ కోడ్‌లో కలిపేశారు. ఇది అనువదించాల్సిన మాట అని అక్కడ గుర్తు పెడితే, మిగతా వాక్యాలలాగే అదీ మా అనువాద జాబితాలోకి వస్తుంది. అప్పుడు తెలుగు నేను రాస్తాను, మరాఠీ అక్క రాస్తుంది. నేనడిగింది ఇంతే.

సంఘం కార్యదర్శి నవ్వాడు. "పేజీ మొత్తం తెలుగే ఉన్నది కదన్నా. ఒక్క బటన్‌కు గింత లొల్లా? ఎర్ర బటన్ అంటే ఎవలకు ఎర్కలేదు?"

ఎవరికి ఎరుక లేదో మా చెల్లెలు చూపించింది. ఆమె ఉండేది చెన్నూరు దగ్గర ఒక పల్లెలో. కొండగట్టు మొక్కు తీర్చుకోవడానికి పోతూ మా ఇంట్లో ఆగింది. అన్నం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఏడ్చింది. గల్ఫ్‌లో ఉన్న బావ పాస్‌పోర్ట్‌ను అక్కడి యజమాని దాచిపెట్టుకున్నాడట, జీతం ఇవ్వడం లేదట.

"నాకు ముందే చెప్పద్దా?"

"చెప్తే మా ఆయనను తిడతవని చెప్పలే. నువ్వు రాసిన సైట్ చదువుకున్న అన్నా. మస్తు మంచిగ రాసినవ్. కని ఎవలకు చెప్పుకోవాల్నో రాయలే."

ఆమె ఫోన్ తీసుకుని ఎర్ర బటన్ చూపించి, ఒత్తమన్నాను. చటుక్కున చేయి వెనక్కి తీసుకుంది.

"అమ్మో, అది అడ్వటైజ్‌మెంట్! ఒత్తితే బ్యాంకుల పైసలు పోతయ్. మా పొదుపు సంఘంల చెప్పిన్రు, ఇంగ్లీషుల మెరిసేటియి ఏవీ ఒత్తద్దని."

"ఇది అసుంటిది కాదు, చెల్లె."

"తెలుగు పేజీల ఇంగ్లీషు డబ్బ ఉన్నదంటే అది పరాయోళ్లదే కదనే!"

ఆమె తప్పేమీ లేదు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చాను. చాలా తిప్పలు పడ్డాక బావ చిక్కిపోయి, ఒక్క సంచితో ఇల్లు చేరాడు.

తర్వాతి సమావేశంలో మళ్లీ లేచాను.

"మీ బావ వచ్చిండు కదా, ఇంకేం పరేషాన్?" అన్నాడు కార్యదర్శి.

"మా బావకు బామ్మర్ది ఉన్నడు. లేనోళ్ల సంగతేంది?"

కొన్నాళ్లకు బటన్ తెలుగులోకి మారింది. "ఇగ ఖుషేనా?" అని కార్యదర్శి ఫోన్ చేశాడు. ఖుషీ సాయంత్రం దాకా కూడా నిలవలేదు. ఆదిలాబాద్ అక్క ఫోన్ చేసింది.

"ఏం తమ్మీ, మా మరాఠీ పేజీల నీ తెలుగు బటన్ వచ్చి కూసున్నది. కిరాయి ఏమన్న ఇస్తవా?"

చూస్తే నిజమే. ఇంగ్లీషు మాట చెరిపి, అదే చోట తెలుగు మాట అతికించారు. ఏ భాష పేజీ తెరిచినా అదే కనిపిస్తోంది. సైట్ చేసినాయనను అడిగితే, "తెలుగు కావాలన్నది మీరే కదా అంకుల్" అన్నాడు.

నా నోరు మూయించడానికి చేసిన పని ఇది. నాది భాష పిచ్చి అన్నట్టుగా తేల్చేశారు. ఆ తెలుగు బటన్ నాకు వద్దని, మాటను జాబితాలోకి తెచ్చేదాకా పాతదే ఉంచమని చెప్పాను.

"తెలుగు వద్దన్న తెలుగాయనను నిన్ను ఒక్కన్నే చూసిన," అని కార్యదర్శి అందరి ముందూ అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ.

నేను తెలుగు కోసం కొట్లాడటం లేదు. మా చెల్లెలు చేయి వెనక్కి తీసుకున్నట్టు ఆదిలాబాద్‌లో మరాఠీ చదివే ఇల్లాలు తీసుకోకూడదు. బటన్ మీది మాట, గళ్ల పేర్లు, తప్పుగా నింపితే వచ్చే హెచ్చరిక, పంపాక వచ్చే వాక్యం, థీమ్‌లో అతికించిన ప్రతి మాటనూ విప్పి మా ముందు పెట్టండి. రాయడానికి మేమున్నాం. ఆ పని ఎవరు చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు? కార్యదర్శి చెబుతాడో, సైట్ చేసినాయన చెబుతాడో నాకు అనవసరం. ఈసారి నాకు జవాబు కావాలి.