నేను బిగించిన బటన్

పదకొండేళ్ళు. కాదు, సరిగ్గా చెప్పాలంటే పన్నెండో ఏడు నడుస్తోంది. నా మీద పడాల్సిన నింద ఇంతకాలంగా ఇంకొక అమ్మాయి మోస్తోంది. నేనూ బరువు మోశానని చెప్పుకోవాలని ఉంది. కానీ ఆమె మోసిన దాని పక్కన నాది పెట్టి చూపించడానికి సిగ్గేస్తోంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పి చూశాను. వాళ్ళు చేసిన పనికి వచ్చిన కోపంతోనే ఇది రాస్తున్నాను.

ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊళ్ళోని యూనివర్సిటీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తర్వాత పిస్టల్ క్లబ్బులో చేరాను. నవ్వకండి, మా వాళ్ళంతా అప్పుడే నవ్వేశారు. ఈ దేశంలో పిస్టల్ నడుములో దాచుకుని తిరగనివ్వరు. క్లబ్బులో గీత దగ్గర నిలబడి, కాగితం మీది గుండ్రాలను కొట్టడమే. చెయ్యి, చూపు, ఊపిరి ఒక్కచోట నిలవాలి. నాకది నచ్చింది, గురీ కుదిరింది. కొన్నాళ్ళకు క్లబ్బు పిస్టళ్ళ బాగోగులు చూసే పని నాకే అప్పగించారు. ఆవిడ ఒకసారి చూసిందంటే ఇంకెవరూ చూడక్కర్లేదు అనేవాళ్ళు. ఆ మాట వినడానికి నాకు ఎంత బాగుండేదో!

తర్వాత నా బొటనవేలు మొరాయించింది. కీళ్ళవాతం. పిస్టల్ పిడి పక్కన ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే తూటాలుండే మ్యాగజైన్ పిడిలోంచి కిందికి జారుతుంది. ఆ బటన్ నా వేలికి అందడం మానేసింది. అందడం లేదని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెబితే ముసలిదైపోయిందని పక్కన కూర్చోబెడతారు. ఒక శనివారం, ఎవరూ రాకముందే, నేను వాడే క్లబ్బు పిస్టల్‌కున్న బటన్ తీసేసి పొడుగాటిది బిగించాను. వెనక స్ప్రింగు కూడా మెత్తటిది వేశాను. ఏ మార్పు చేసినా కమిటీకి చెప్పి తీరాలి. ఆ నియమం కొత్తవాళ్ళందరికీ నేర్పేది నేనే.

అప్పుడే పద్మజ చేరింది. ఆసుపత్రిలో నర్సు, తెనాలి పక్క అమ్మాయి. నన్ను చూసే చేరింది. కొత్తవాళ్ళకు సొంత పిస్టల్ ఉండదు, క్లబ్బుదే వాడాలి. ఆమెకు దక్కింది నేను మార్చినదే. దాన్ని నడుముకు కట్టుకున్న ఒరలో పెట్టినప్పుడల్లా పొడుగు బటన్ ఒర గోడకు ఒత్తుకునేది. ప్రాక్టీసులో మ్యాగజైన్ జారి పడింది, ఒకసారి కాదు. వచ్చి అడిగింది.

"ఆంటీ, ఈ బటన్ మిగతావాటికంటే బయటికొచ్చినట్టు లేదూ? ఊరికే ప్రెస్ అయిపోతోంది."

"నీ పట్టు సరిగా లేదమ్మాయ్. ముందు చెయ్యి కుదుర్చుకో, తర్వాత పిస్టల్‌కి వంకలు పెడుదువుగాని."

"సర్లెండి. మా అమ్మా ఇంతే. కూర మాడితే నాకు గరిటె పట్టుకోవడం రాదనేది. స్టవ్‌ది ఎప్పుడూ తప్పుండదు!"

నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు అప్పుడే తెలుసు. పాత బటన్ నా డబ్బాలోనే ఉంది. మార్చడం ఎంతసేపు? కానీ మార్చేస్తే రాబోయే పోటీలో నా వేలు ఏం చేస్తుంది? ఆ ఒక్క పోటీ అయిపోనీ అనుకున్నాను. ఒక మనిషి భద్రతను నా వేలి పరువుకోసం వాయిదా వేశాను. ఇంకోలా చెప్పడానికి ఎంత వెతికినా మాట దొరకలేదు.

ఒరలోంచి తీసి కాల్చే పోటీ అది. మొదటి జట్టులో నేను కాల్చి, అదే పిస్టల్ ఆమెకు అందించాను. పద్మజ వంతు వచ్చింది. ఒరలోంచి పిస్టల్ తీయగానే మ్యాగజైన్ జారి ఆమె పాదానికి తగిలింది. తర్వాత ఏం జరిగి ఉంటుందో మీకు విడమర్చాలా? మీరు తెలుగువాళ్ళు. పుస్తకానికో పనిముట్టుకో కాలు తగిలితే ఏం చేస్తాం? ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళిపోతుంది. అదీ కుడిచెయ్యే వెళ్ళాలి. పద్మజ పిస్టల్‌ను ఎడమచేతిలోకి మార్చుకుని, వంగి, కుడిచేత్తో మ్యాగజైన్‌ను తాకి కళ్ళకద్దుకుంది. మ్యాగజైన్ పడిపోయినా గొట్టంలో ఒక తూటా ఉండిపోతుంది. ఆ గొట్టం పక్కన నిలబడ్డవాళ్ళందరి మీదుగా తిరిగింది. ఎవరో అరిచారు. పేలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

అది చిన్న తప్పు కాదు. ఇప్పటికీ కాదనే అంటాను. కానీ ఆ తప్పు ఎక్కడ మొదలైంది?

కమిటీ కూర్చుంది. మ్యాగజైన్ ఎందుకు పడింది, ఈమె ఎందుకు వంగింది అని అడిగారు. పట్టు సరిచేసుకోమని ముందే హెచ్చరించానన్నాను. వంగడం సంగతి నాకు తెలియదు, కంగారుపడి ఉంటుందన్నాను. తెలియదట! చిన్నప్పుడు పలకకు కాలు తగిలితే వీపు విమానం మోత మోగించుకున్నదాన్ని, నాకు తెలియదట! ఆ గదిలో ఆ దణ్ణం అర్థమైనదాన్ని ఆమె కాక నేనొక్కదాన్నే. ఆ ఒక్కదాన్నీ నోరు మూసుకున్నాను.

పద్మజ నా వంకే చూస్తూ కూర్చుంది. కొత్తగా చేరిన ఆమెకు పూర్తి సభ్యత్వం ఇవ్వలేమన్నారు. ఇంకో క్లబ్బుకు వెళ్ళినా, మొదట అడిగేది పాత క్లబ్బు ఏమందనే. ఆమెకు ఎంతో ఇష్టమైన ఆట అక్కడితో అయిపోయింది.

బయట కార్ల దగ్గర నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనుకున్నారు? ఆమె మీదే! నోట్లో నాలుక లేదా, బటన్ సంగతి ఎందుకు చెప్పలేదని గద్దించాను.

"మీరు చెప్తారనుకున్నా ఆంటీ. వాళ్ళందరి ముందు మీరు అబద్ధమాడుతున్నారని నేననాలా?"

పెద్దవాళ్ళను నలుగురిలో కాదనకూడదని ఆమెకు నేర్పారు. నేర్పినవాళ్ళు నాలాంటి పెద్దవాళ్ళే. ఏం మర్యాద ఇది? చిన్నవాళ్ళ నోరు కట్టేసి పెద్దవాళ్ళ అబద్ధానికి కాపలా కాసే మర్యాద. దాని చాటున నిలబడి బతికిపోయాను.

మరుసటి శనివారం పాత బటన్, గట్టి స్ప్రింగు మళ్ళీ బిగించాను. ఆ తర్వాత మ్యాగజైన్ ఒక్కసారీ జారలేదు. చూశారా, ఆ అమ్మాయి వెళ్ళింది, ఇబ్బందీ పోయింది అన్నారు. నా మరమ్మతే ఆమె మీద సాక్ష్యమైంది. అదీ విని ఊరుకున్నాను.

ఈమధ్య నాకు సన్మానం చేస్తామన్నారు. దేనికనుకున్నారు? ఇన్నేళ్ళూ పిస్టళ్ళను భద్రంగా చూసుకున్నందుకట. ఇక ఉండబట్టలేక, కమిటీ ముందు లేచి మొత్తం చెప్పేశాను. సెక్రటరీ, నా కొడుకు వయసువాడు, భుజం తట్టాడు. "నో వర్రీస్, లవ్. ఎప్పటి మాటో అది" అన్నాడు. ఆ లవ్ ఇక్కడివాళ్ళ నోట మన 'అమ్మా' లాంటిదే. ఇంకొకరు టీ తెచ్చిచ్చారు. నా ఒళ్ళు మండిపోయింది. నన్ను క్షమించడానికి వీళ్ళెవరు? ఆమెను ఒక్క పూటలో వెళ్ళగొట్టినవాళ్ళు నాకు బిస్కెట్లు పెడతారా? ఆమె పేరు మీదున్న మచ్చ చెరపమని అడిగాను. ఆవిడ ఇప్పుడు ఇక్కడ లేదుగా అన్నారు.

పద్మజ ఇప్పుడు మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఉంటోంది. నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మొత్తం విన్నది. "డ్యూటీకి టైమయిందండీ, ఉంటాను" అని పెట్టేసింది. ఆమె ఇష్టం. అంతకంటే ఏమైనా ఆశించానా? ఆశించాను. అబద్ధం ఎందుకు, క్షమించానన్న ఒక్క మాట కోసమే ఫోన్ చేశాను.

దొరకలేదు. దొరక్కపోవడమే న్యాయం. ఇది రాస్తుంటే మాత్రం కాస్త తెరిపిగా ఉంది.

బటన్ మార్చింది నేను. అడిగితే అబద్ధం చెప్పింది నేను. ఆ అమ్మాయి పట్టులో ఏ లోపమూ లేదు. ఈ మాటలు ఇంతవరకూ ఎక్కడా రాసి లేవు. ఇప్పుడు ఉన్నాయి.