పాటలకి ఎంతమంది పడతారు?

డిగ్రీ చేతికొచ్చిన నెలకే నాకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. పెద్ద పెద్ద పాటల కార్యక్రమాలకు ఏర్పాట్లు చేసే ఆఫీసు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనొక్కదాన్నే. చేరిన మొదటి శనివారం దర్శి దాటాక మా ఊళ్ళో బస్సు దిగి, ఇంటికైనా పోకుండా సంచీతో నేరుగా మిరప కల్లంలోకి పరుగెత్తాను.

అమ్మ ఎండిన కాయల్లోంచి రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది.

“అమ్మా, ఓ పెద్ద స్టేడియం నా చేతికిచ్చారు! పాటలకి ఎంతమంది పడతారో లెక్కకట్టి సోమవారం ఇవ్వాలి. అది బాగుంటేనే నన్ను ఉంచుతారు.”

“ముందు మంచినీళ్ళు తాగవే తల్లీ. ఎంతమంది పడతారంట?”

కల్లాన్నే స్టేడియం చేసి చూపించాను. ఆ చివర గోతాల దగ్గర స్టేజి. చుట్టూ గట్లే మెట్లు. క్రికెట్‌కైతే జనం మెట్ల మీదే కూర్చుంటారు. పాటలకైతే నడిమి నేల మీద కూడా నిలబడతారు. స్టేజి వెనక మెట్లు మాత్రం లెక్కలోంచి తీసెయ్యాలి.

“ఏం, వెనకమాల కూర్చుంటే పాట వినపడదా?”

“వినపడుద్ది. పాడేవాళ్ళ వీపే కనపడుద్ది.”

“వీపుకి టిక్కెట్టేంటిలే!” అంది అమ్మ. పక్కన కాయలేరే ఆడవాళ్ళంతా నవ్వారు.

స్టేడియం బొమ్మ గీసి, నేల పొడవూ వెడల్పూ గుణించి, గజానికి ఇంతమందని వేసిన కాగితం తీశాను. అమ్మకు చదువు రాదు. బొమ్మ మాత్రం చాలాసేపు చూసింది.

“అంతా నింపేశావేంటే? బాటలేవి?”

కల్లంలో కాయలు మడులుగా పోస్తారు. మధ్యలో అడుగేసే చోటు వదలకపోతే, తిరగెయ్యడానికి దిగినవాళ్ళు కాయల్నే తొక్కేస్తారు. ఆ బాటల మీదే ఆడుకుంటూ పెరిగినదాన్ని, గుణింపులో పడి మర్చిపోయాను.

“నడిమిట్లో ఎవరికన్నా కళ్ళు తిరిగితే ఎటు మోసుకొస్తారు? ఇక్కడ నలిగితే కాయే. అక్కడ మనుషులు కదే.”

ఆ సాయంత్రం గడప మీద కూర్చుని గేట్ల దాకా బాటలు గీశాను. గీసేకొద్దీ జనం తగ్గిపోయారు. ఉద్యోగమూ వాళ్ళతోపాటే పోతుందేమోనని భయమేసింది.

సోమవారం ఆఫీసులో సారు కాగితం చూసి, “ఇదే స్టేడియానికి నీతోపాటు చేరినవాళ్ళు ఇంకా ఎక్కువ చెప్పారే?” అన్నారు.

“వాళ్ళు బాటలు వదిలారేమో చూడండి సార్” అన్నాను.

ఆయన బొమ్మ మీద ఈ గేటు నుంచి ఆ గేటుకి వేలు నడిపి చూసుకున్నారు. సంతకం పెట్టి, “రేపట్నుంచి సైటుకి రామ్మా” అన్నారు.

ఎస్‌టీడీ బూత్‌కి పరుగెత్తి ఊళ్ళో మా పక్కింటి ఫోనుకి చేశాను. అమ్మ రొప్పుతూ వచ్చింది.

“ఉంచారమ్మా! జనమే బాగా తగ్గారు.”

“తగ్గితే తగ్గారులే. వచ్చినోళ్ళు వచ్చినట్టు ఇళ్ళకి పోతారుగా. అన్నం తిన్నావా?”