గురి తప్పిన చలికాలం

చిట్వేలి పక్క పల్లెలో ఉన్నప్పుడు పెంచల్ వేరుశనగ చేలకు కాపలా ఉండేవాడు. అడవిపందులు దిగితే డబ్బా మోగించి తరిమేవాడు. అంతకు మించిన ఆయుధం ఎరగడు. తుపాకీని చేత్తో ముట్టింది కువైత్‌కు వచ్చాకే.

వచ్చింది ఇంటి డ్రైవరుగా. రిగ్గైలో అబూ ఫహద్ అనే పెద్దాయన ఇల్లు. పనివాళ్లందరికీ ఆయన బాబా, ఆయన భార్య మామా. మనవల్ని బడికి, మామాను బజారుకు తిప్పడం పెంచల్ పని. చలికాలం వస్తే మాత్రం బాబా వెంట ఎడారికి పోవాలి. సాల్మీ దారిలో ఆయనకు గొర్రెల దొడ్డి ఉంది. హారూన్ అనే సూడాన్ కాపరి అక్కడే రేకుల గదిలో ఉండి గొర్రెల్ని చూసుకుంటాడు. సరిహద్దు వైపు నుంచి ఒక తోడేలు వచ్చి ఆ దొడ్డిలో గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుండేది.

బాబాది పొడుగు గొట్టం రైఫిలు. పైన దూరాన్ని దగ్గర చేసి చూపే స్కోపు, ముందు మడత పెట్టే రెండు కాళ్లు. నాలుగైదు వందల మీటర్ల అవతలి జంతువును కొట్టాలంటే గురి ఒక్కటే చాలదు. గాలి ఎటు తోస్తుందో, అంత దూరం పోయేసరికి గుండు ఎంత కిందికి జారుతుందో ముందే అంచనా వేసుకోవాలి. పెంచల్ పక్కన బోర్లా పడుకొని బైనాక్యులర్‌లో చూస్తూ, గుండు పడి ఇసుక లేచిన చోటు చెప్పాలి. కుడికి పోతే ‘యమీన్’, ఎడమకు పోతే ‘యసార్’. ఆ మాటలు నేర్చుకోవడానికి పెంచల్‌కు ఎన్నాళ్లో పట్టలేదు.

వయసులో ఉన్నప్పుడు బాబా గురికి పేరుండేదట. ఈ ఏడు మాత్రం ఒక్కటీ తగల్లేదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, ఇంకోసారి ఎక్కడ పడిందో కూడా తెలియదు. తోడేలు ఒకసారి ఆగి వెనక్కి చూసి మరీ నడిచి వెళ్లిపోయింది. కొడుకు ఫహద్ ఇంట్లో అందరి ముందూ అనేశాడు: “ఇక చాలు నాన్నా. కళ్లు సహకరించడం లేదు. తుపాకీ అమ్మేద్దాం.” ఆ రోజు నుంచి బాబా అద్దం ముందు చెయ్యి చాపి, వేళ్లు వణుకుతున్నాయేమోనని చూసుకోవడం పెంచల్ కంటబడింది.

ఒక శుక్రవారం ఎడారికి బయల్దేరుతూ పెంచల్ తుపాకీ సంచిని బండికి ఆనించి, నీళ్ల డబ్బాలు ఎక్కిస్తున్నాడు. సంచి జారింది. స్కోపు ఇనుప మెట్టుకు టంగుమని తగిలింది. తీసి చూస్తే అద్దం పగల్లేదు, పక్కన చిన్న గీత పడిందంతే. చూసినవాళ్లు లేరు. అయినా పెంచల్ ఆ గీతను బొటనవేలితో రుద్ది చూశాడు. తుపాకీ పాడు చేశాడని ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేసి పంపేస్తే? పిల్లదాని చదువు, పునాదుల దగ్గరే ఆగిపోయిన ఇల్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

వంటింట్లోకి పోయి వెంకటేశ్వరికి చెప్పాడు. ఆమెది పుల్లంపేట. ఆ ఇంట్లో అతని కంటే ముందు నుంచీ వంట చేస్తోంది.

“అక్కా, ఎవురూ సూళ్లేదు. సెప్పకుంటే పాయె కదా?”

“నీకేమన్నా మతుండాదా? అదేమన్నా సెంబా, సొట్ట బోతే తిప్పి పెట్టేదానికి? తుపాకి అది. ఒకదాన్ని జూసి కొడితే ఇంకోదానికి తగిలితే?”

“సెప్తే నన్ను పంపిచ్చేస్తారక్కా.”

“పంపిస్తే పోదువులే. మనిషికి తగిల్తే యాడికి పోతావు?”

అయినా దారి పొడుగునా చెప్పలేకపోయాడు.

పొద్దు వాలుతుండగా తోడేలు కనిపించింది. దూరంగా ఇసుక దిబ్బ మీద బూడిద రంగు మచ్చలా నిలబడి ఉంది. బాబా పడుకొని రైఫిలు భుజానికి ఆనించాడు. గుండు ఎక్కేలా బోల్టు ముందుకు తోశాడు. పెంచల్ బైనాక్యులర్ ఎత్తాడు. తోడేలుకు బాగా కుడిగా, పల్లంలో గొర్రెలు. వాటి వెనక తలకు గుడ్డ చుట్టుకున్న హారూన్. మామూలుగా అయితే అది భయపడక్కర్లేనంత దూరమే. కానీ దెబ్బ తిన్న స్కోపుతో గుండు ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

“వద్దు బాబా! కాల్చాకు!” అని తెలుగులోనే అరిచేశాడు. తర్వాత గుర్తొచ్చి, “లా, బాబా, లా!” అన్నాడు.

ఆ కేకకు తోడేలు మాయమైంది. బాబా ట్రిగ్గరు మీంచి వేలు తీసి అతని వైపు చూశాడు. వచ్చీరాని అరబ్బీలో, చేతులు తిప్పుతూ, పెంచల్ జరిగింది మొత్తం చెప్పాడు. బాబా తిట్టలేదు. గుండు బయటికి తీసి జేబులో వేసుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది పెంచల్‌కు.

మరునాడు బాబా “యల్లా, పద” అని బండెక్కించి సబ్‌హాన్‌కు పోనిమ్మన్నాడు. అక్కడ వర్క్‌షాపుల మధ్య తుపాకులు బాగుచేసే అసిఫ్ ఉన్నాడు. లైసెన్సు చూసుకొని, రైఫిలును బల్ల మీద బిగించి, స్కోపును బొటనవేలితో నెట్టాడు. అది కదిలింది.

“నిన్న నేనే పడేశాను భాయ్,” అన్నాడు పెంచల్ హిందీలో.

“ఆగు,” అన్నాడు అసిఫ్. స్కోపును పట్టి ఉంచే పట్టీలు ఊడదీసి, వాటి లోపలి వైపు లైటు వేశాడు. ముందుకు వంగి చూసిన బాబాకు అరబ్బీలో, పెంచల్‌కు హిందీలో మార్చి మార్చి చెప్పాడు. “ఇదిగో, పట్టీ కింద ఇసుక ఎట్లా పేరుకుపోయిందో చూడండి. పేల్చిన ప్రతిసారీ రాసుకొని ఇనుము అద్దంలా మెరుస్తోంది. ఒక్క రోజులో ఇట్లా కాదు. స్క్రూలు ఎప్పుడో వదులయ్యాయి. నిన్నటి దెబ్బకు గీత పడిందంతే.”

“ఎప్పుడో అంటే? ఈ చలికాలం మొదట్నించీనా?” బాబా అడిగాడు.

“అంతకు ముందు నుంచే అయ్యుంటుంది. ఈ స్కోపుతో ఎవరు కొట్టినా తగలదు.”

బాబా అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. “అయితే నా కళ్లు?” అన్నాడు మెల్లగా. అసిఫ్ నవ్వాడు. “కళ్లకేం కాలేదు హాజీ, స్క్రూలకయింది.” బాబా కూడా నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. లేచి వచ్చి పెంచల్ మెడ మీద చెయ్యి వేసి ఊపాడు. “నువ్వు పడేయకపోతే, పడేశానని చెప్పకపోతే, దీన్ని అమ్మేసి ముసలాణ్నయిపోయి ఇంట్లో కూర్చునేవాణ్ని,” అన్నాడు. పెంచల్‌కు సగమే అర్థమైంది. ఆ సగమే చాలు. నిన్నటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలాడు. గోడకు ఆనుకున్నాడు.

స్క్రూలు మార్చి బిగించాక, ఎడారిలో మనుషులూ జీవాలూ లేని చోట, మట్టిగట్టు ముందు నూనె డబ్బా పెట్టి గురి సరిచేసుకున్నారు. మొదటి గుండు ఎడమకు పడింది. “యసార్!” బాబా స్కోపు మీది మర తిప్పాడు. తర్వాతి గుండు అంచుకు తాకింది. ఆ తర్వాతి దానికి డబ్బా ఎగిరి దొర్లింది. పెంచల్ డబ్బా దగ్గరకు పరుగెత్తి, నడుమ పడిన చిల్లులోంచి వేలు పెట్టి చూపించాడు. బాబా అంత దూరం నుంచి చేతులు రెండూ పైకెత్తాడు.

తోడేలు వారం తిరక్కముందే వచ్చింది. ఈసారి దాని వెనక ఖాళీ ఇసుక తప్ప ఏమీ లేదు. పెంచల్ ఆ సంగతి రెండుసార్లు చూసి, అంతా సరిగ్గా ఉందన్నట్టు “తమాం” అన్నాడు. ఒక్కటే గుండు. తోడేలు ఉన్నచోటే కూలింది. హారూన్ దేవుణ్ని తలుచుకుంటూ పరుగున వచ్చాడు. మందలో పిల్లల్ని ఒకటొకటిగా దగ్గరికి తీసుకున్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే ముసలి తోడేలు, డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. బాబా దాని పక్కన నిలబడి, గొయ్యి తీయమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెంచల్ స్టీరింగు వైపు పోతుంటే బాబా తాళాలు తీసుకున్నాడు. “పక్కన కూర్చో. నీ కళ్లు చూస్తే ఈ తోడేలు కాపలాలో నిద్రలేక ఎన్నాళ్లయిందో తెలుస్తోంది.” పెంచల్ మొహమాటపడుతూనే కూర్చున్నాడు. బండి తారు రోడ్డు ఎక్కకముందే అతనికి నిద్ర పట్టేసింది. ఇల్లు వచ్చేదాకా బాబా లేపలేదు.