పరిగెత్తిన గోడ

నా చిన్నప్పుడు, తొంభైల నడుమ, మేం ఢిల్లీ కంటోన్మెంటులో ఉండేవాళ్లం. మా నాన్న హవల్దారు. ఆయన పైఅధికారి కొడుకు ఒకరోజు మా తమ్ముణ్ణి "మద్రాసీ" అని వెక్కిరించి మెట్ల మీంచి తోశాడు. తమ్ముడి ముందుపన్ను విరిగింది. పైవాళ్ల మీద ఎవరికి చెప్పుకుంటామని నాన్న ఊరుకున్నారు. తమ్ముడు నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అది చూసినప్పుడల్లా నా కడుపు మండిపోయేది. ఆ అధికారి కొడుకుని అందరి ముందూ ఏడిపించి తీరాలని ఒట్టు పెట్టుకున్నాను.

మా పై క్వార్టరులో శ్రీకాకుళం అంకుల్ ఉండేవారు. శాంతి సేనతో ఆఫ్రికా వెళ్లినప్పుడు అమెరికా సిపాయిల దగ్గర, చేతుల్తో విసిరి ఆడే వాళ్ల ఫుట్‌బాల్ నేర్చుకుని, కోడిగుడ్డులాంటి బంతొకటి తెచ్చారు. ఆదివారాలు పిల్లలందరినీ ఆడించేవారు. ఆ ఆటలో ఎదుటివాణ్ణి భుజంతో అడ్డుకోవడం తప్పు కాదని తెలియగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక ఆదివారం అంకుల్ నన్ను టైట్ ఎండ్‌గా పెట్టారు. అంటే వరుస కొసన నిలబడి, బంతి విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా ఆపాలి. అదను దొరికితే తానే ముందుకు ఉరికి బంతి అందుకుని, అవతలి జట్టు గీత దాటాలి. మా జట్టుకు బంతి విసిరేది అంకులే. నాకెదురుగా నిలిచింది ఆ అధికారి కొడుకే. నా కసి ఆయనకు తెలుసు.

"కొట్టకే పిల్లా. ఊరికే అడ్డంగా నిలబడు, సాలు. ఆడు నిన్ను గోడనుకోవాల. గోడ పరిగెడతాదని ఎవుడనుకుంటాడు?"

ఆ పూటంతా వాడు తోస్తూనే ఉన్నాడు. మోచేతులు దోక్కుపోయినా పళ్లు నూరుకుంటూ నిలబడ్డాను. ఒక్క బంతీ నా చేతికి రాలేదు. మొదట్లో "హట్, మద్రాసీ!" అని తప్పుకోమంటూ అరిచినవాడు, పోనుపోను నా వంక చూడటమే మానేశాడు.

రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. ఆఖరి బంతికి అంకుల్ నాకు సైగ చేశారు. వాడొచ్చి గుద్దుకున్నాడు. క్షణం ఆపి, పక్కకు తప్పుకున్నాను. నన్ను దాటేశానన్న సంబరంతో వాడు అంకుల్ మీదికి దూకాడు. వాడు వదిలేసిన చోటంతా ఖాళీ. అందులోకి పరిగెత్తాను. బంతి చేతుల్లో పడింది. పొట్టకు హత్తుకుని గీత దాటేదాకా ఆగలేదు.

వాడు మట్టిలో చతికిలబడి అందరి ముందూ ఏడ్చాడు. నాకు రవ్వంత కూడా జాలి కలగలేదు. గట్టు మీద మా తమ్ముడు రెండు చేతులూ పైకెత్తి, విరిగిన పన్ను కనబడేలా నవ్వుతున్నాడు.

క్షమించడం గొప్ప గుణమంటారు. నాకది అబ్బలేదు. ఇప్పటికీ ఎవరైనా నన్ను తోసుకుని ముందుకు పోతుంటే, నోరెత్తకుండా పోనిస్తాను. వాళ్లు వదిలి వెళ్లిన చోటు మీదే ఉంటుంది నా కన్ను.