గణపతి పొట్టలో గుండె కార్డు

ధూల్‌పేట్‌లో భిక్షపతి కన్ను దిద్దిన మట్టి ఎలుకను ఒక పిల్లి నోట కరుచుకుని పరుగెత్తిందట. పిల్లికి రెండు పళ్లు ఊడాయి, ఎలుక మాత్రం చెక్కుచెదరలేదు. నమ్మకపోతే మీ ఇష్టం. వినాయకుడికి కళ్లు పెట్టాలంటే విగ్రహాల కార్ఖానాలో అందరూ భిక్షపతి కోసమే ఆగేవారు.

ఆ వేళ్లు ఇప్పుడు చాయ్ గ్లాసు కూడా పట్టడం లేదు. మెడలో ఎముక వెన్నుపామును నొక్కుతోందనీ, ఎమ్మారై తీస్తే తప్ప ఆపరేషన్ చేయలేమనీ, ఆలస్యమైతే చేతులు ఇక రావనీ డాక్టరు చెప్పాడు. కానీ భిక్షపతి ఛాతీలో పేస్‌మేకర్ ఉంది. ఎమ్మారై మిషనేమో గదంత అయస్కాంతం. అందులోకి వెళ్లదగిన పేస్‌మేకరో కాదో చెప్పే కార్డు లేదని రెండు సెంటర్ల వాళ్లు గుమ్మంలోనుంచే పంపేశారు.

"కార్డు ఏడ వెట్టినవయ్యా?" అతని భార్య కాశమ్మ బియ్యం డబ్బా కూడా బోర్లించింది.

భిక్షపతి తల దించుకున్నాడు. విగ్రహం పొట్ట మూసేముందు పనివాళ్లు తలా ఒక మొక్కు చీటీ లోపల వేయడం వాళ్ల కార్ఖానా ఆచారం.

"పేస్‌మేకర్ పెట్టిన ఏడాది ఆ కార్డునే గణపతి పొట్టల ఏసిన. ఇగ నా గుండె నీ జిమ్మ, నువ్వే సూస్కో అని."

"నీ తెలివి మన్నుగాను! ఆయన నీళ్లల్ల మునిగి ఆరేండ్లాయె. ఇప్పుడు ఎవర్ని అడగాలె, చేపలనా?" అని నవ్వబోయి ఏడ్చేసింది.

పేస్‌మేకర్ పెట్టిన ఆసుపత్రి ఎప్పుడో మూతపడింది. మూడో చోట డాక్టర్ వీణ ఎక్స్‌రే తీయించి, ఛాతీ మీద ఒక పరికరం ఆనించి పరీక్షించింది.

"బాపూ, పేస్‌మేకర్ ఎమ్మారైకి పనికొచ్చేదే. దాని వైర్లే ఏ రకమో తెలుస్తలేదు. స్కాన్‌కు తగ్గట్టు దాని సెట్టింగ్ మార్చి, నేను పక్కనే నిలబడి గుండె చూస్కుంట. అయినా ఏం కాదని మాటియ్యలేను."

"తీయకుంటే?"

"చేతులు పోతయి. తర్వాత కాళ్లు."

"వద్దయ్యా," కాశమ్మ అడ్డం వచ్చింది. "నేను తినిపిస్త. నువ్వుంటే సాలు."

"కండ్లు లేని గణపతులు కార్ఖానాల వరుసగ నిలబడి నా దిక్కే సూస్తున్నరే," అన్నాడు భిక్షపతి.

నర్సు ఒప్పుకోలు కాగితం తెచ్చింది. వేళ్ల మధ్యనుంచి పెన్ను జారింది. ఎత్తి ఇస్తే మళ్లీ జారింది. కాశమ్మ ఏడుస్తూనే అతని బొటనవేలు పట్టుకుని, ఇంకులో అద్ది, కాగితం మీద అదిమింది.